నక్ష మూలన సల్మా పేరు

వనపర్తి పాత బస్టాండు వెనక, కుట్టుమిషన్ల దుకాణం మీదున్న గదిలో ఆ పొద్దున డిటెక్టివ్ ఇస్రాయేలు కుర్చీలో కూర్చున్నాడనడం కంటే వాలిపోయాడనడం సరిగ్గా ఉంటుంది. ఇరవై రెండేళ్లు పోలీసు శాఖలో ఉండి బయటికొచ్చి బోర్డు కట్టాడు. వచ్చే కేసుల్లో పదింట ఎనిమిది పెళ్లి సంబంధాల వాకబులే. ముందు రోజంతా గద్వాలలో ఒక పెళ్లికొడుకు వెంట ఎండలో తిరిగాడు. ఆ కుర్రాడు చేసిన ఘోరమల్లా మధ్యాహ్నం రెండు గ్లాసుల చెరకు రసం తాగడం. ఆ సంగతే రిపోర్టు రాయమని అసిస్టెంటు వర్షకు చెప్పి కళ్లు మూసుకున్నాడు.

వర్షకు మాత్రం ఆయన గొప్ప మేధావి. ఆ నమ్మకం పోగొట్టాలని ఆయన రెండేళ్లుగా చూస్తున్నాడు, కుదరడం లేదు.

మెట్ల మీద చప్పుడైంది. పాతికేళ్లు దాటిన అమ్మాయి, భుజాన బ్యాగు, ఏడ్చి కడుక్కున్న ముఖం. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నా పేరు సల్మా సార్. శివకుమార్ సార్ సర్వే ఆఫీసుల ఆరేండ్ల సంది పొలాల నక్షలు గీస్తున్న. రేపు పొద్దుగూకేలోపు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటుండ్రు. పెడితే నా బతుకు ఆగమైతది. పెట్టకుంటే పోలీసు కేసంట."

"కూసో బిడ్డా. వర్షా, జర నీళ్లియ్యి. ఇగ చెప్పు, మొదటిసంది."

సల్మా చెప్పింది. అచ్చంపేట దగ్గర ఒక ఊళ్లో ఈరమ్మ అనే ఆమెకు, ఆమె మరిది తిరుపతయ్యకు కలిసి నాలుగెకరాల పొలం ఉంది. పన్నెండేళ్ల కిందట నోటిమాటతో నిలువునా చెరి సగం చేసుకున్నారు. తూర్పు సగం ఈరమ్మది, అందులో ఆమె మొగుడు బతికుండగా వేయించిన బోరు ఉంది. ఇప్పుడు కాగితాల కోసం కొలిపించారు. నక్ష ఏది చెబితే దానికి కట్టుబడతామని ఇద్దరూ ముందే వేలిముద్రలు వేశారు. తీరా నక్ష చేతికొస్తే మధ్యగీత ఏటవాలుగా ఉంది. ఉత్తరాన తూర్పుకు జరిగింది, దక్షిణాన పడమటికి జరిగింది. విస్తీర్ణంలో గుంట తేడా లేదు, బోరు మాత్రం తిరుపతయ్య వైపు పడింది. అతను మర్నాడే ట్రాక్టరు పెట్టి పాత గట్టు దున్నేసి, నక్ష ప్రకారం కొత్త రాళ్లు పాతి, మోటారు డబ్బాకు తాళం వేశాడు. ఈరమ్మ పల్లి చేను ఎండిపోతోంది.

"మల్ల కొలవొచ్చు గదా?" అంది వర్ష.

"ఏం కొలుస్తమక్కా? ఇప్పుడున్న రాళ్లు నక్ష ప్రకారమే ఉన్నయి. నడుమ ఉన్న పాత రాళ్లు లేవు. కొలిచిన మెషీన్ల ఉంటదనుకుంటే, అది రిపేరుకని హైదరాబాదు పోయింది."

"నీ మీదికెందుకొచ్చింది?" అన్నాడు ఇస్రాయేలు.

సల్మా తల దించుకుంది. "నక్ష నేను చేత్తో గియ్య సార్. ఒక స్క్రిప్టు రాసి పెట్టిన. మనం చేసే పనంత వరుసగా రాసిపెడ్తే కంప్యూటర్ చదువుకుంట అదే చేస్తది. మెషీన్‌కెల్లి వచ్చిన అంకెల ఫైలు తీసుకుంటది, ఒకటో పాయింటు, రెండో పాయింటు, అట్ల కలుపుకుంట పోతది. బోరుకు నీలి సున్న పెడ్తది. ఇదివరకు రోజంత పట్టేది, ఇప్పుడు అర నిమిషం. ఆఖరుకు మూలన 'గీసినది: సల్మా' అని రాస్తది. అది నేనే పెట్టిన. ఎవరు బటన్ నొక్కినా నా పేరే పడ్తది."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో సిగ్గు వినిపించింది. నాలుగు నెలలు ఇంటిపట్టున నేర్చుకుని రాసిన స్క్రిప్టు. దాని చివర పేరు పెట్టుకోవాలని ఎవరికుండదు? వర్షకు ఆమెను చూస్తే ప్రాణం ఉసూరుమంది.

"నువ్వు గీసినప్పుడు బోరు ఎటుండె?"

"ఈరమ్మ దిక్కే ఉండె సార్, నా కండ్లతోని చూసిన. ప్రింటు తియ్యలే. రెండు దినాలకు సార్ తీయమంటే తెరిచిన, అప్పటికే మారింది, నేను చూసుకోకనే తీసిచ్చిన. పాత ఫైలు మీద కొత్తది ఎక్కింది. స్క్రిప్టు తప్పని సంతకం పెట్టమంటుండ్రు. పెడితే నాకు ఈ మూడు జిల్లాల్ల ఎవరు పనిస్తరు? ఇంట్ల అమ్మి చాంద్‌బీ, నేను. నా జీతమే ఆధారం."

"ఆ కంప్యూటర్ తెరిచేటోళ్లు ఎంతమంది?"

"నలుగురం. నేను, శివకుమార్ సార్, మెషీన్ నడిపే శేఖరన్న, పొలంల కొలత కట్టె పట్టే ఎల్లయ్య తాత. తాత పొద్దున్నే వచ్చి ఆన్ చేసి పెడ్తడు."

ఇస్రాయేలు మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. లేవడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

సర్వే ఆఫీసు గోడ నిండా అద్దాల ఫ్రేముల్లో పాత నక్షలు, ఇరవైకి పైనే. శివకుమార్ నడుముకు పట్టీ కట్టుకుని, వెనక దిండు పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను ఆ కంప్యూటర్ ముట్టనే ముట్ట సార్. చేత్తో గీసే రోజులల్ల గిట్లయ్యేదా? స్క్రిప్టు అంటిరి, గిస్క్రిప్టు అంటిరి, ఇప్పుడు చూడుండ్రి."

"మీరు పొలం మీదికి పోరా?"

"నా నడుం చూస్తుండ్రు గదా. ఇది మా మామ పెట్టిన ఆఫీసు. నేను ప్లాట్ల బిజినెస్‌ల ఉంటి. మామ పోయినంక గిదంత నా నెత్తిన పడ్డది."

శేఖర్ కోపంగానే జవాబిచ్చాడు. కొలత సరిగ్గా తీశానన్నాడు. మెషీన్‌కు రోగమేమీ లేదు, రిపేరుకు ఎందుకు పంపారో తెల్వదన్నాడు.

"తిరుపతయ్య నీకు తెలుసునా?"

"మేనమామ వరుసైతడు. అయితే ఏంది సార్?"

వర్ష పుస్తకంలో ఆ ముక్క కింద రెండు గీతలు గీసింది. ఇస్రాయేలు మాత్రం గోడకేసి చూస్తున్నాడు, నిద్ర ముంచుకొస్తున్న మనిషిలా.

"ఈ నక్షలల్ల ఎర్ర ముక్కోణమేంది బిడ్డా?"

"మొదటి పాయింటు సార్. కొలత యాడ షురూ చేస్తే ఆడ స్క్రిప్టే పెడ్తది," అంది సల్మా.

ఈరమ్మ నక్ష బల్ల మీద పరిచి చూపించింది. పైన ఎడమ మూలన ఎర్ర ముక్కోణం, మధ్యన ఏటవాలు గీత, గీతకు ఆనుకుని నీలి సున్న, కింద సల్మా పేరు. ఇస్రాయేలు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎల్లయ్యను వెంటబెట్టుకుని నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట బస్సెక్కారు. దారంతా ఇస్రాయేలు కునుకు తీశాడు. దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పల్లి ఆకులు ముడుచుకుని ఉన్నాయి. తాళం వేసిన మోటారు డబ్బా పక్కన ఈరమ్మ కూర్చుని ఉంది. రోజూ వచ్చి అక్కడే కూర్చుంటోందట.

"పది దినాలాయె నీళ్లు వారక. ఇంకో నాలుగు దినాలైతే పీకి పశులకేసుడే," అంది. "ఆ సాయిబుల పిల్ల మంచిదే అంటరు సారూ. మరి గట్లెందుకు గీసిందో!"

"కొలిచిన దినం నువ్వున్నవా అమ్మా?"

"ఉండకేం? ఈశాన్యం రాయికాడ కొబ్బరికాయ కొట్టిన. చిప్ప ఇంకా ఆడనే ఉన్నది సూడు."

పొలం ఈశాన్య మూలన, చెక్కుచెదరని పాత రాయి మొదట్లో, ఎండిన కొబ్బరి చిప్ప పడి ఉంది. ఇస్రాయేలు వంగి దాన్ని చూసి, గట్టు మీద కూలబడ్డాడు.

"ఎల్లయ్యా, ప్రతిచోటా ఇట్లనేనా?"

"యాడికి పోయినా గంతే సార్. ముందు ఈశాన్యం రాయి మీద కట్టె పెట్టాలె, తర్వాతనే మిగిలినయి. లేకుంటే రైతు ఒప్పుకోడు. సాయిబుల పొలమైనా, మీ కిరస్తానోల్ల పొలమైనా నేను గట్లనే మొదలుపెడ్త. ముప్పయ్యేండ్ల సంది నా కాళ్లకు గదే అలవాటు."

ఇస్రాయేలు నిట్టూర్చాడు. "వర్షా, మన పని అయిపోయింది. చెప్పేదే మిగిలింది. దానికి ఓపిక తెచ్చుకోవాలె."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. శేఖర్ పేరు కింద మూడో గీత గీయబోయి ఆగింది.

మర్నాడు మధ్యాహ్నం సర్వే ఆఫీసులో అందరూ చేరారు. ఈరమ్మ తలుపు పక్కన, తిరుపతయ్య కిటికీ దగ్గర ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. సంతకం పెట్టాల్సిన కాగితం సల్మా ముందే ఉంది. ఇస్రాయేలు ఆఫీసువాళ్లు నలుగురికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చాడు.

"ఒక పొలం గియ్యుండ్రి. ఉత్తరం పైకి. నాలుగు మూలలకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలెయ్యుండ్రి. గంతే."

"ఇదేం చిన్న పిల్లల ఆట సార్?" అని శివకుమార్ నవ్వాడు కానీ గీశాడు. ఇస్రాయేలు కాగితాలు తీసుకుని బల్ల మీద వరుసగా పరిచాడు. ఎల్లయ్యది, శేఖర్‌ది, సల్మాది మూడింట్లోనూ ఒకటో అంకె కుడివైపు పై మూలన ఉంది. శివకుమార్ కాగితంలో ఎడమవైపు పై మూలన ఉంది.

"ఇప్పుడు గోడ మీద చూడుండ్రి," అన్నాడు ఇస్రాయేలు. "ఇరవై ఆరు నక్షలు. అన్నిట్ల ఎర్ర ముక్కోణం కుడి పై మూలన, అంటే ఈశాన్యాన. ఎందుకంటే ఈ ఎల్లయ్య కాళ్లు ఆడనే మొదలైతయి. ఈరమ్మ పొలంల గూడ ఆడనే మొదలైనయి, కొబ్బరి చిప్ప సాక్ష్యం. మరి ఈరమ్మ నక్షల ముక్కోణం వాయవ్యంల ఎందుకున్నది?"

జేబులోంచి నక్ష తీసి గోడకు ఆనించి పట్టుకున్నాడు. నిన్న ఆ గోడను వర్ష కూడా చూసింది, ఏమీ చూడలేదు.

"అంటే ఈ అంకెలు పొలంకెల్లి రాలే. కుర్చీల కూసొని రాసినయి. కాగితం చదివినట్టు, ఎడమ పక్క పైనుంచి. పొలం తొక్కినోళ్లు గట్ల రాయరు. సల్మా పొలం తొక్కలే గని, ఆరేండ్లు ఆ ముక్కోణాన్ని చూసింది, ఆమె గూడ రాయదు. మెషీన్ అంకెలల్ల ఏది ఏ రాయిదో తెల్సినోడైతే రెండు అంకెలు మారిస్తే సరిపోతుండె. తెల్వదు గనుక సల్మా గీసిన నక్ష ముందేసుకొని అన్ని రాళ్లూ మొదటిసంది మల్ల రాసిండు. తర్వాత బటన్ నొక్కిండు. స్క్రిప్టు తన పని తాను చేసింది. రాసిన వరుసలనే కలిపింది, మొదటి రాయికి ఎర్రగుర్తు పెట్టింది, మూలన ఈ పిల్ల పేరు రాసింది. దానికి అబద్ధం చెప్పుడు రాదు. చెప్పింది చేస్తది. చెప్పినోడెవడన్నదే మనం అడగాలె."

"ఒక అంకె యాడేస్తే ఏంది? దీనికే దొంగనైతనా?" శివకుమార్ లేవబోయాడు. నడుం కలుక్కుమందేమో, మళ్లీ కూర్చున్నాడు.

"కారు. మెషీన్ రిపేరుకు పంపిన రశీదు చూపియ్యుండ్రి."

"ఇంట్ల ఉన్నది."

"దుకాణం పేరు చెప్పుండ్రి, ఫోన్ చేస్త."

శివకుమార్ తిరుపతయ్య వైపు చూశాడు. తిరుపతయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ చూపు చాలు, నేరం ఇద్దరిదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అచ్చంపేట కాడ అరవై ఎకరాల ప్లాట్ల వెంచరు కొలత ఈయన నాకిప్పిస్తనన్నడు," అన్నాడు శివకుమార్ చివరికి. "ఒక్క గీతనే గదా అనుకున్న. మెషీన్ కారు డిక్కీల ఉన్నది. అండ్ల అంకెలెట్ల తుడిచెయ్యాల్నో నాకు తెల్వలే. శేఖర్‌ని అడిగితే బయటపడ్తదని ఊకున్న."

శేఖర్ చెయ్యి చాచి కారు తాళాలు తీసుకున్నాడు. మేనమామ వరుస మనిషి వైపు తిరిగైనా చూడలేదు. వర్ష తన పుస్తకంలోని గీతలను సిగ్గుపడుతూ కొట్టేసింది.

మెషీన్ వచ్చింది. సల్మా దానికి వైరు తగిలించింది. అంకెల ఫైలు దింపి బటన్ నొక్కింది. అర నిమిషం. ఎర్ర ముక్కోణం కుడి పై మూలన పడింది, గీతలు ఒక్కొక్కటే నడిచాయి, మధ్యగీత నిటారుగా దిగింది, దానికి తూర్పున నీలి సున్న వెలిగింది. ఆఖరున మూలన ఆమె పేరు. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది.

ఇస్రాయేలు తిరుపతయ్య ముందు చెయ్యి చాచాడు. "డబ్బా తాళంచెవి. మిగిలింది స్టేషన్‌ల మాట్లాడుదురు."

తాళంచెవి ఈరమ్మ చేతికొచ్చింది. ఆమె దాన్ని కొంగున కట్టుకుని, ప్రింటు తీసిన నక్షను దగ్గరగా పట్టుకుని చూసింది. చదువు రాదు.

"బిడ్డా, నీ పేరు యాడున్నది దీంట్ల?"

సల్మా వేలుపెట్టి చూపించింది. ఈరమ్మ ఆ మూల మీద బొటనవేలితో మెల్లగా నిమిరింది. "నిన్ను తిట్టుకున్న బిడ్డా, పది దినాలు. తెల్వక తిట్టిన," అని ఆమె తల మీద చెయ్యిపెట్టింది.

బయట మెట్లు దిగుతూ వర్ష అడిగింది. "సల్మా, ఆ పేరు రాసే లైను తీసేస్తవా ఇగ?"

సల్మా కళ్లు తుడుచుకుంది. సంతకం పెట్టని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బ్యాగులో వేసుకుంది. "తియ్యనక్కా. దాని మీద ఇంకో లైను పెడ్త. బటన్ నొక్కినోళ్లు ఎవరని అడిగి, వాళ్ల పేరు గూడ రాస్తది. ఈ ఆఫీసుల కాదనుకో. యాడ పని దొరికితే ఆడ."

ఇస్రాయేలు అప్పటికే బస్టాండు వైపు నడుస్తున్నాడు. వర్ష పరుగున వెళ్లి పక్కన చేరింది.

"సార్, మీరు ఆ గోడను చూడంగానే కనిపెట్టిండ్రు గదా?"

"మోకాళ్లు నొస్తుంటే ఏదో ఒకటి చూసుకుంట నిలబడ్డ," అన్నాడాయన. "పద, గద్వాలోళ్లు మల్ల ఫోన్ చేసిండ్రు. ఆ పిలగాడు ఇయ్యాల గూడ చెరకు రసం తాగిండంట."