నల్ల రంగు కింద మొదటి అతుకు

పొద్దున్నే బండికి తలుపులు ఎక్కించడం ఆ ఇంట్లో పళ్లు తోముకున్నంత మామూలు సంగతి. నాన్న వడ్రంగి. ఆయన చేసిన తలుపులకు అమ్మ పాలిష్ పెడుతుంది. ఇద్దరూ కలిసి పాత పికప్ బండిలో వాటిని చేరవేస్తారు. ఇరవై రెండేళ్లు దాటిన ఆ బండిని ఇంట్లో 'ముసలాయన' అంటారు. ఆ పేరు వింటే నాన్నకు ఒళ్లు మండుతుంది. బండి మీద ఈగ వాలినా తన మీదే వాలినట్టు గింజుకునే మనిషి ఆయన.

ఆ రోజు కొండ మీద కొత్తగా కట్టిన బడికి పన్నెండు తలుపులు వెళ్లాలి. పదింటికల్లా తెస్తానని నాన్న మాటిచ్చాడు. ఆరు తలుపులు ఎక్కేసరికి కూతురు టీ గ్లాసుతో బయటికొచ్చింది. ఆమె వెల్డర్. లారీల షెడ్డులో చేరి మూడేళ్లవుతోంది. ఆమె చూపు ముందున్న క్యాబిన్‌కీ వెనక తొట్టికీ మధ్యనున్న సందు మీద పడింది. పైన వేలు కూడా పట్టనంత ఇరుకు, కిందేమో అరచెయ్యి దూరేంత వెడల్పు. బండి మధ్యలో కుంగినట్టుంది. టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, సుత్తి తెచ్చుకుని బండి కిందికి దూరింది.

ముందువైపు, బండిని మోసే ఇనుప చట్రం ఛాసిస్ మీద కొడితే ఖణేల్‌మంది. క్యాబిన్ వెనక్కి వచ్చేసరికి తడిసిన అట్ట మీద కొట్టినట్టు చప్పుడే లేదు. రెండో దెబ్బకు దళసరి నల్ల రంగు చీలి, లోపలి నుంచి ఎర్రటి పొట్టు ఆమె మొహం మీద జలజలా రాలింది. సరిగ్గా ఆ చోటే మూడేళ్ల కిందట ఆమె ఒక రేకు అతికింది. తన జీవితంలో మొట్టమొదటి వెల్డింగ్ అది. 

"నాన్నా, ఎక్కించడం ఆపు. ఛాసిస్ పోయింది."

"ఎక్కడ?"

"క్యాబిన్ వెనకాల."

నాన్న నవ్వాడు. "అక్కడ నువ్వేసిన రేకు ఉందిగా! బండంతా ఊడిపోయినా అది ఊడదు. కాస్త తుప్పు పట్టుంటుంది. రేపు రెండు కుట్లు వేసెయ్, పైన నేను రంగు పూస్తా."

ఏటా బండి తనిఖీకి ముందు ఆ చోట తారు లాంటి నల్ల రంగు పొర మీద పొర పూయడం ఆయనకు అలవాటు. ఇంటికొచ్చినవాళ్లందరినీ వంగోబెట్టి, "మా అమ్మాయి పని, చూడండి" అని చూపించడం అంతకంటే పెద్ద అలవాటు.

ఆమె బండి కింద నుంచి బయటికొచ్చి, బండికున్న తాళం లాగేసి జేబులో వేసుకుంది. నాన్న మొహంలో నవ్వు ఎగిరిపోయింది.

"తాళం ఇలా ఇవ్వు."

"ఇవ్వను. లోడుతో కొండెక్కుతుంటే దీని నడుం విరిగితే? నీ పక్కన కూర్చునేది అమ్మ."

"ఇరవై ఏళ్లుగా కూర్చుంటోంది. ఒంటి మీద గీతైనా పడిందా? మూడేళ్లు షెడ్డులో ఉండొచ్చి నాకు పాఠాలు చెప్తావా? నా మాట పోతుంది, ఇటివ్వు!"

ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించింది. చెయ్యి చాచి ఒక అడుగు ముందుకేశాడు. ఆమె కదల్లేదు.

అప్పుడు అమ్మ నీళ్ల సీసా చంకన పెట్టుకుని వచ్చింది. ఇద్దరినీ ఎగాదిగా చూసి, తన వైపు తలుపు దగ్గరికి వెళ్లింది. ఆ తలుపుకి లోపల ఒక తాడు కట్టి ఉంది.

"ఇదేంటమ్మా?"

"నెల నుంచి తలుపు పడట్లేదు. మీ నాన్న బందులు వదులు చేశారు, అంచు అరగదీశారు. అయినా పడలేదు. ఆయన పట్టుకోమంటే తాడు పట్టుకుని కూర్చుంటున్నా. కొండ దిగేటప్పుడు చేతులు నొప్పెడతాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇదిగో, ఇలాగే పోట్లాడుకుంటారని."

కూతురికి దుఃఖం ముంచుకొచ్చింది. "నాన్నా, తలుపు బిగిసిందని ఎవరైనా వస్తే నువ్వేం చెప్తావు?"

 అమ్మే అందుకుంది. "ఏం చెప్తారు! తలుపుని చిత్రిక పట్టకండి, ముందు ద్వారబంధం కుంగిందేమో చూడండి అని ఊరందరికీ చెప్తారు. సొంత బండి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయారు."

ఆయన తాడు వంక చూశాడు. అమ్మ అరచేతుల్లో ఎర్రగా కమిలిన గీతల వంక చూశాడు. ఆయన భుజాలు దిగిపోయాయి. అయినా పట్టు మాత్రం వదల్లేదు.

"సరే. చుట్టుపక్కల ఏదైనా చేసుకో. ఆ రేకు జోలికి మాత్రం రావద్దు."

"పాడైంది అక్కడే నాన్నా!" ఆమె ఏడ్చేసింది. "తుప్పు గీకకుండా అతికాను. కింద మంచి ఇనుము లేదు. నువ్వు ఎదురింటివాళ్లని పిలుచుకొచ్చి నిలబడ్డావు, తొందరలో పైపైన అతికేశాను. ఆర్నెల్లు తిరక్కుండానే తెలిసింది తప్పు చేశానని. నువ్వు అందరికీ చూపిస్తుంటే నోరు పెగల్లేదు. అమ్మని రోజూ ఆ తప్పు మీదే కూర్చోబెట్టాను."

 నాన్న బండి చక్రానికి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"మొదటి వానాకాలమే రేకు అంచున ఎర్ర చార కనిపించింది" అన్నాడు మెల్లగా. "ఎవడైనా నీ పనికి వంక పెడతాడేమోనని రంగు పూశాను. మళ్లీ కనిపిస్తే మళ్లీ పూశాను."

"ఆ రంగే తడిని లోపల బంధించేసింది నాన్నా."

"ఊఁ." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఇద్దరం కలిసి మీ అమ్మని చంపేసేవాళ్లం."

"నేనంత తొందరగా చావను లెండి" అంది అమ్మ. 

నాన్న బడివాళ్లకు ఫోన్ చేసి, ఇవాళ తేలేనని, మాట తప్పినందుకు క్షమించమని చెప్పాడు. తర్వాత ముగ్గురూ ఎక్కించిన తలుపులు ఒక్కొక్కటీ దింపారు. కూతురు బండిని ఎత్తి, దిమ్మెల మీద నిలబెట్టి, కిందికి దూరి నల్ల రంగంతా గీకింది. పక్కనే ఎవరో పడుకున్న అలికిడైంది. నాన్న. చెవి మీది పెన్సిల్ తీసి, మంచి ఇనుము మీద, రేకుకు అటు మూరెడు ఇటు మూరెడు దూరంలో, చెక్క మీద గీసినంత శ్రద్ధగా గీత గీశాడు.

"ఇక్కడిదాకా కొయ్యి. మొహమాటపడకు."

"రేకు పోతుంది నాన్నా."

"పోనీ. ఈసారి కొత్త ఇనుము వేశాక ముందు నన్ను పిలువు, తల్లీ. మెచ్చుకోవడానికి కాదు. వంకలు వెతకడానికి."

ఆమె తల ఊపింది. పైన అమ్మ తన వైపు తలుపుకి కట్టిన తాడు విప్పుతున్న చప్పుడు వాళ్లిద్దరికీ వినిపించింది.