అమ్మ వాటాకు వచ్చిన ఎడ్లు

తెల్లవారుతూనే ఏంబ్రోస్ పార్డో ఎడ్ల మెడల మీద కాడి ఎత్తాడు. రాత్రి ఓ జల్లు పడి నేల మెత్తబడింది. పడమటి కొండల మీద మళ్ళీ మబ్బు పేరుకుంటోంది. చుట్టుపక్కల వాళ్ళందరూ గోధుమ చల్లేసి ఆపిల్ కల్లు తాగుతూ కూర్చున్నారు. పార్డోల పొలం ఒక్కటే బోడిగా పడి ఉంది. తండ్రి జెర్విస్‌ను చర్చి పక్క మట్టిలో దింపి వచ్చిన నాటి నుంచి ఏంబ్రోస్ కాలు ఒకచోట నిలవడం లేదు. సావిట్లోకి పోతాడు, గట్టు మీదికి పోతాడు, ఆకాశం వంక చూస్తాడు, ఇంట్లోకొచ్చి ఎవరో ఒకరి మీద అరుస్తాడు.

"విప్పు" అంది వెనక నుంచి తల్లి థొమసిన్.

అతను వినిపించుకోనట్టు కాడి పలుపు బిగించాడు.

"నీకే చెప్పేది. విప్పు. ఊళ్ళోవాళ్ళు వచ్చి వెలకట్టి రాసుకునేదాకా చచ్చినవాడి సొమ్ము ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాడి మెడకే ఆయన అప్పులన్నీ చుట్టుకుంటాయి. ఈ సంగతి చంటిపిల్లాడిక్కూడా తెలుసు."

"నాయనకు అప్పులెక్కడివమ్మా?"

"ఉన్నాయో లేవో నీకు చెప్పి చేశాడా?"

"మబ్బు చూశావా? ఇంకో పెద్ద వాన పడిందంటే పొలంలో దిగలేం. గింజ పడకపోతే వచ్చే ఏడు తినేది మట్టే."

"వాన నీ మాటా వినదు, నా మాటా వినదు. విప్పరా."

నలభై నాలుగేళ్ళ మనిషి, తలలో సగం నెరిసినవాడు, పళ్ళు కొరుక్కుంటూ పలుపు విప్పాడు. ఆ ఎడ్లు ఇప్పుడు తనవి కావు. కోపమంతా దానికే.

సమాధి అయిన రోజున వీలునామా చదివారు. ఇల్లూ పొలమూ ఏంబ్రోస్‌కు. కూతురు జాయిస్‌కు ఒక ఈకల పరుపూ, ఆరు తగరపు పళ్ళాలూ. ఇక ఎడ్లూ నాగలీ విత్తనాలూ గిన్నెలూ, ఇంట్లో కదిలే ప్రతి వస్తువూ భార్య థొమసిన్‌కు. బతికినన్నాళ్ళు ఆమెకు మేడ మీది తూర్పు గది, పొయ్యి దగ్గర చోటు. అది విని ఊరు ముసిముసిగా నవ్వింది. చేను కొడుక్కి, ఎడ్లు పెళ్ళానికి! ముసలాడు పోతూ పోతూ భలే ముడి వేశాడన్నారు.

పొద్దెక్కేసరికి పొరుగు రైతు హంఫ్రీ వచ్చాడు. వెంట చర్చి గుమాస్తా, సిరాబుడ్డి పట్టుకుని. వాళ్ళ వెనకాలే పొరుగూరి నుంచి జాయిస్ ఖాళీ బండి తోలుకొచ్చింది.

"పరుపు కోసం ఇంత పెద్ద బండా?" అన్నాడు ఏంబ్రోస్.

"పరుపుతో పాటు అమ్మను కూడా తీసుకెళ్దామని అన్నయ్యా. ఆవిడ వస్తే ఆవిడ సామాను రాదా, ఆవిడ ఎడ్లు రావా? మా ఆయనకు ఎటూ ఎడ్లు తక్కువే."

"నీ మొగుడికి తక్కువైనవి ఎడ్లు కాదులే."

"నోరు జారకు. నీ నోటికి జడిసే నాయన ఎడ్లు నీకివ్వలేదు."

హంఫ్రీ దగ్గాడు. "ఊరుకోండర్రా. పని కానివ్వండి."

రివాజు ప్రకారం ముందు పోయినవాడి బట్టలూ పర్సూ రాశారు. తరువాత నడిమి గది. బల్ల, రెండు పీటలు, ఇత్తడి కాగు, పొయ్యి మీద వేలాడే గొలుసు. హంఫ్రీ ఒక్కొక్కదాన్నీ గోటితో మీటి, తలకిందులు చేసి చూసి, ఇన్ని షిల్లింగులు అంటాడు. గుమాస్తా గీకుతాడు. ఏంబ్రోస్ వాళ్ళ వెంట గది గదికీ తిరిగాడు. తాను పాతిన ఆపిల్ చెట్ల కల్లు పీపాలు రాశారు. తాను చెక్కిన నాగలి రాశారు. ప్రతి దాని పక్కనా తండ్రి పేరే.

గొడ్లసావిడి గుమ్మంలో హంఫ్రీ ఆగాడు. "ఏంబ్రోస్, నీ సొంతమనేది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పు. పక్కన పెట్టేస్తాం."

ఏంబ్రోస్ చుట్టూ చూశాడు. నాగలి చెక్కింది తనే, కలప తండ్రిది. లార్క్ అనే ఆ ఎర్ర ఎద్దు పుట్టేటప్పుడు అడ్డం తిరిగితే మోచెయ్యి దాకా పెట్టి బయటికి లాగింది తనే, ఈనిన ఆవు తండ్రిది. తాను పడుకునే మంచం కూడా తాత నాటిది.

"నా బట్టలు" అన్నాడు చివరికి. "కొమ్మలు నరికే కత్తి."

"మీ ఆవిడ పుట్టింటి పెట్టె ఒకటుందిగా?" అన్నాడు గుమాస్తా. "పెళ్ళాం తెచ్చింది మొగుడిదే. అది నీది."

"సంబరం!" అంది ఏంబ్రోస్ భార్య ఎల్లెనర్ పెరట్లోంచి. "ఇన్నేళ్ళ చాకిరీకి మా ఆయనకు మిగిలింది మా అమ్మ ఇచ్చిన పెట్టె!"

ఆ మాటకు ఏంబ్రోస్ లోపల కట్టిందేదో తెగింది. విసవిసా ఇంట్లోకి నడిచాడు. థొమసిన్ పొయ్యి దగ్గర కూర్చుంటూ, మళ్ళీ లేస్తూ, దేన్నీ ముట్టుకోకుండా చేతులు నలుపుకుంటోంది.

"జీతగాడికైనా ఏడాది తిరిగేసరికి జీతం ఇస్తారమ్మా! నాకేం ఇచ్చాడు ఆయన? పెళ్ళికి ఆయన్నే అడిగాను, బూట్లకు ఆయన్నే అడిగాను. పొలం ఇచ్చాడట, పొలం! ఎడ్లు లేని పొలం దేనికి, గోళ్ళతో గీరుకోనా? ఆ ముసలాడు చచ్చేముందు కూడా నన్ను తన్నే పోయాడు!"

"ఆయన్ననకు."

"అంటాను!"

"ఆయన రాయించాలనుకుంది అన్నీ నీకే. ఎడ్లు నాకు పెట్టమని అడిగింది నేను."

ఎల్లెనర్, జాయిస్‌లతో వెనకే వచ్చిన హంఫ్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు. గుమాస్తా చేతిలో కలం ఆగింది.

"నువ్వా?" అన్నాడు ఏంబ్రోస్. "ఎందుకు? దున్నుతావా?"

థొమసిన్ అతని వంక చూడలేదు. హంఫ్రీ వైపు తిరిగింది. "వాణ్ణి అడిగావుగా హంఫ్రీ, నీ సొంతం ఏవిటని. నన్నడగవేం?"

హంఫ్రీ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "నిన్నేం అడుగుతాం వదినా... ఆడదానికి ఒంటి మీది బట్టలే కదా."

"ఆ కాగు మా అమ్మది. కాపరానికొస్తూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళూ నాదే అనుకుని తోమాను. ఇందాక నువ్వు గోటితో మీటి, జెర్విస్ సొత్తు అని రాయిస్తే తెలిసింది నాది కాదని. అదే మళ్ళీ వీలునామాలో మొగుడి దయ వల్ల నాకు దానంగా వచ్చిందట!" ఆమె నవ్వింది. నవ్వులో తడి లేదు. "మీ అమ్మ పెట్టె మీద ఎగతాళి చేశావే ఎల్లెనర్, జాగ్రత్తమ్మా. రేపు నీకూ ఇంతే."

ఎల్లెనర్ కాగు వంక చూసింది.

"అదీ ఇదీ కాదు" అన్నాడు ఏంబ్రోస్. "ఎందుకు అడిగావు? అది చెప్పు."

"భయమేసి."

"దేనికి?"

"నువ్వంటే."

అతను చెంపదెబ్బ తిన్నట్టు నిలబడ్డాడు.

"మీ నాయన మంచాన పడ్డ కొత్తల్లో నువ్వు ఎల్లెనర్‌తో అన్నావు. ముసలాడు పోయాక తూర్పు గది పిల్లలకిద్దాం, ముసల్దాన్ని పాలగది మీది అటక ఎక్కిద్దాం అన్నావు. ఈ ఇంటి గోడలు పల్చన నాయనా, బురదా పుల్లలూ. నాకు వినబడింది." నలుపుకుంటున్న చేతులు విడదీసింది. "పొలం నీదై, ఎడ్లూ నీవై, తిండిగింజలూ నీవైతే నేనెవర్ని ఈ ఇంట్లో? ఉప్పు కావాలన్నా కోడలి మొహం చూడాలి. ఎడ్లు చేతిలో ఉంటే, దుక్కి రోజులొచ్చినప్పుడైనా నన్ను 'అమ్మా' అని పిలుస్తావనుకున్నాను."

జాయిస్ చటుక్కున ముందుకొచ్చింది. "విన్నారుగా అందరూ! పదమ్మా, బండి సిద్ధంగా ఉంది. ఎడ్లను వెనక కట్టేద్దాం."

ఏంబ్రోస్ చెల్లెల్ని చూడలేదు. ఆ మాట అన్నది నిజం. అలసిపోయిన ఓ పూట, ఆలోచించకుండా అన్న మాట అది, అన్నట్టు కూడా మరిచిపోయాడు. బూట్లకు తండ్రి ముందు చేయి చాచిన ప్రతిసారీ తాను లోపల ఎంత చచ్చాడో అతనికి గుర్తుంది. తల్లి ఎప్పుడు ఎవరి ముందు చేయి చాచిందో మాత్రం ఏనాడూ చూడలేదు. ఒకే కాడికి కట్టిన రెండో పశువును మొదటిది చూడదు, అలా.

కాళ్ళు బయటికి పొమ్మంటున్నాయి. బలవంతాన నిలబెట్టుకున్నాడు.

"అమ్మా" అన్నాడు. "నీ ఎడ్లు ఇస్తావా? గోధుమ చల్లుకోవాలి."

"ఊరికేనా?" అంది జాయిస్.

"నువ్వుండవే" అంది థొమసిన్. కొడుకు మొహంలోకి చూసింది. "ఇంకేం అడగాలో అడుగు."

"ఇక్కడే ఉంటావా? నీ గదిలోనే. పిల్లలు నాతో పడుకుంటారు."

"ఆ తూర్పు గదిలో గాలికి నా మోకాళ్ళు కొయ్యబారిపోతాయి" అంది. "అటక కింద పాలగదిలో పొద్దస్తమానం పొయ్యి వెలుగుతుంది. ఆ అటకే నాకు సుఖం. అడిగుంటే నేనే ఎక్కేదాన్ని రా, వెర్రి వెధవా. ఎక్కిద్దాం అన్నావు."

ఏంబ్రోస్ తల వంచుకున్నాడు. ఎల్లెనర్ చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుని, గబగబా కాగు కింద మంట ఎగదోయబోయి ఆగింది. "అత్తయ్యా, కాగు తీసుకోనా? రొట్టెలోకి పులుసు పెడతాను."

"తీసుకో."

హంఫ్రీ గుమాస్తా భుజం తట్టాడు. "నాలుగు ఎడ్లు, పదహారు పౌండ్లు. రాసేయ్. రాశావా? అయితే ఎడ్లు విడుదల, ఇక కాడి కట్టుకోవచ్చు."

జాయిస్ పరుపూ పళ్ళాలూ వేసుకుని, బండి నిండలేదన్న కోపంతో చెప్పకుండానే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఏంబ్రోస్ పొలంలో ఉన్నాడు. మబ్బు ఇంకా కొండ దిగలేదు. తొలి చాలు తిన్నగానే వచ్చింది. రెండో చాలు సగంలో, తడిమట్టి వాసనతో పాటు తల్లి అన్న "నువ్వంటే" అనే మాట గొంతుకు అడ్డం పడింది. అదిలించడానికి నోరు తెరిచాడు. గొంతు రాలేదు. తెలిసిన కేక వినబడక ఎడ్లు చేను మధ్యలో ఆగి నిలబడ్డాయి. అతను మేడి మీద నుదురు ఆనించి, ఎవరూ చూడడంలేదనుకుని, తండ్రి పోయిన రోజున కూడా ఏడవనివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

కంచె తలుపు దగ్గర నుంచి ముసలి గొంతు ఒకటి, పదునుగా, గట్టిగా వచ్చింది.

"హెయ్, లార్క్! నడు!"

ఎడ్లు కదిలాయి. నాగలి కదిలింది. కళ్ళు తుడుచుకునే తీరిక లేక ఏంబ్రోస్ వాటి వెనకే నడిచాడు.