నిండుగా పోసిన పియాలా

తాష్కెంట్‌లో మా ల్యాబ్‌లో పనికి జిలోలా వచ్చిన మొదటి రోజే ఆమెను పొమ్మన్నాను. నోటితో కాదు, టీతో.

తప్పు నాదే. ఒక కన్ను బాక్టీరియాను పెంచే ట్యాంకు, ఫెర్మెంటర్, తెర మీద, ఇంకో కన్ను ఆమె నవ్వు మీద. ఇక టీ పోసే చేతిని చూసేదెవరు? పిడిలేని టీ గిన్నె, పియాలా, అంచుదాకా నిండిపోయింది. మా దగ్గర అతిథికి రెండు గుక్కలే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పోయొచ్చని. నిండుగా పోశామంటే, తాగి బయల్దేరమని.

జిలోలా గటగటా తాగేసింది. "బాగుందండీ మీ మర్యాద. వెళ్ళొస్తా!"

"అయ్యో, అది కాదు..."

"అర్థమైందిలెండి. మా మార్గిలాన్‌లోనూ ఇంతే."

"మా మీర్జోహిద్ మంచివాడేనమ్మా, ఒట్టి పరధ్యానం" అంటూ మేమంతా ఓపా, అంటే అక్కా, అని పిలిచే ల్యాబ్ పెద్ద తుర్గునాయ్ ఆమెను ఆపింది. నెలాఖరుదాకా చూస్తాననీ, నచ్చకపోతే సమర్ఖండ్ ల్యాబ్‌కి వెళ్ళిపోతాననీ చెప్పింది జిలోలా.

ఆ తర్వాత నాతో మాట్లాడితే ట్యాంకు ఉష్ణోగ్రత గురించే. నాకేమో ఆమె కోటు జేబులోని ఎండు ఆప్రికాట్ల మీద కూడా ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇంతలో మా బాక్టీరియా మొండికేశాయి. చక్కెర తిని ఒంట్లో ప్లాస్టిక్ దాచుకోవాలని వాటిలో కొత్త జన్యువులు పెట్టాం. ఆ ప్లాస్టిక్‌తో టొమాటో మళ్ళలో పరిచే షీట్లు చేస్తే, పంటయ్యాక మట్టిలో కలిసిపోతాయి. కానీ మూడుసార్లు చేసినా ట్యాంకంతా పులుపే, ప్లాస్టిక్ పిసరంత.

జిలోలా నా నోట్‌బుక్ తిరగేసింది. "చక్కెరదుంప పాకం మొత్తం ఒకేసారి పోసేశారా?"

"కడుపునిండా తింటాయని..."

"పాపం, వాటికీ నిండు పియాలాయేనా!"

పకపకా నవ్వింది. ఆ నిండు టీ తర్వాత నా ముందు అదే మొదటి నవ్వు. నా ప్రాణం లేచొచ్చింది.

"కొంచెం కొంచెం పొయ్యండి. అది తిన్నాకే మళ్ళీ. నత్రజని మాత్రం తగ్గించండి. పెరగడం మానేసి ప్లాస్టిక్ దాచుకుంటాయి."

రెండు రోజులు పక్కపక్కనే నిలబడి పాకం పోశాం. మూడో రోజు గిన్నెలో తెల్లటి పొడి తేలింది. దాన్ని పల్చటి షీటుగా వత్తాను. జిలోలా దాన్ని కళ్ళకి అడ్డం పెట్టుకుని నన్నే చూసింది.

నెలాఖరు రానే వచ్చింది. బయట వాన. ఆమెకి రెండు గుక్కల టీ పోశాను. తాగి పియాలా చాపింది. మళ్ళీ పోశాను. ఏడోసారి పోసి టీ కుండ కింద పెట్టేశాను.

"జిలోలా, సమర్ఖండ్ వెళ్ళొద్దు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ రోజు తప్పు చేసింది చెయ్యి, మనసు కాదు."

"ఈ ముక్క చెప్పడానికి ఏడు పియాలాలా? మీ బాక్టీరియాయే నయం!" ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఆదివారం మా ఇంటికి రండి. మా నాన్న ఎంత టీ పోస్తారో చూశాకే నా జవాబు."

మార్గిలాన్‌లో ద్రాక్షపందిరి కింద ఆమె నాన్న కూర్చున్నారు. పట్టు నేసే మనిషి, మీసం కూడా నవ్వదు. నా మొదటిరోజు ఘనకార్యం ఆయన చెవిన ఎప్పుడో పడింది. నేరుగా టీ కుండ అందుకున్నారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ధార చప్పుడు మొదలైనట్టే మొదలై ఆగిపోయింది. కళ్ళు తెరిచాను. పియాలా అడుగు తడిసిందంతే. తలుపు చాటున జిలోలా కిసుక్కున నవ్వింది.

"తాగు నాయనా" అన్నారాయన. "ఇంకా చాలాసార్లు పొయ్యాలి నీకు."