దాటామన్నది ఎవరు?

మా చిన్నాన్న పడవలో కచ్చితమైన నియమం ఒకటుంది. కరెంటు తీగల కింద వెళ్లేటప్పుడు తెరచాప గెడ పడుకోబెట్టాలి. ముందు కూర్చున్న మనిషి అవతలి హెచ్చరిక బోర్డును కళ్లారా చూసి, "దాటాం" అని అరిచాకే లేపాలి. పోయినేడు పడవల వడ్రంగి ఇక్కడే తొందరపడ్డాడు. అల్యూమినియం గెడ తీగకు తగలక్కర్లేదు, దగ్గరికెళితే చాలు. మనిషి మిగల్లేదు.

ఆ ఉదయం ఒకటే పొగమంచు. ముందు చెల్లి, నడుమ నేను, వెనక తెడ్డేస్తూ చిన్నాన్న. గెడ లేపే తాడు నా చేతిలో ఉంది. రాత్రి వానకి నీళ్లు పెరిగాయి, అంటే తీగలు మా నెత్తికి అంత దగ్గరయ్యాయి. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు పైన చిటపటలు. ఏదో మాడుతున్న వాసన.

ఉన్నట్టుండి చప్పుడాగింది.

"దాటాం... లేపండి."

"హమ్మయ్య! లేపమ్మా, నా భుజాలు పడిపోయాయి," అన్నాడు చిన్నాన్న.

నాకెక్కడో తేడా కొట్టింది. చీమ కనపడినా ఊరంతా చాటే పిల్ల, ఇంత మెల్లగానా? పైగా తన చెప్పులు వేసుకొచ్చానని పొద్దుటి నుంచీ నా మీద అలక.

"ఏమేవ్, బోర్డు చూశావా? వేళాకోళమైతే నీళ్లలోకి తోసేస్తా."

చెల్లి వెనక్కి తిరిగింది. రెండు బుగ్గల నిండా బిస్కెట్లు. కష్టపడి మింగింది.

"నేనెక్కడన్నానే? నా వెనక నుంచి వస్తే... నువ్వే అనుకున్నా."

నాకు ముందు నుంచి వినిపించింది. చెల్లికి వెనక నుంచి. మా ఇద్దరి మధ్యా ఉన్నది గెడ కొస ఒక్కటే.

నా చేతిలో తాడు బిగిసింది.

నేను లాగలేదు...

"లేపండి..."

గెడ కదిలింది. దాని మీద బోర్లా పడ్డాను. "చిన్నాన్నా, తెడ్డెయ్యి!"

మంచు చీలింది. సరిగ్గా నా వీపు మీదుగా తీగలు. చిటపటలు మళ్లీ మొదలయ్యాయి.

ఎర్ర బోర్డు పక్కనుంచి జారిపోయాక చెల్లి గొంతు చించుకుంది, "దాటాం!" అయినా గెడ ఎవరం ముట్టుకోలేదు. తెడ్డుతోనే రేవు చేరాం.

పడవ కట్టేస్తూ చిన్నాన్న గెడ కొస పట్టుకుని, చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"దీన్ని ఎప్పుడు లేపారే?"

మేం లేపనే లేదు. కొస నల్లగా మాడిపోయి, ఇంకా సెగలు కక్కుతోంది.