పాత మిషన్ హోరు

ఆఫీసులో ఆమెకు హడావుడి అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు తీరిక దొరకలేదు.

రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులిచ్చే ప్రోగ్రాం ఆమె బాధ్యత. ఆ రోజు అది బిగుసుకుపోయింది. కౌంటర్ ముందు జనం. హడావుడి దాన్ని బలవంతంగా మూసేయడానికి కిల్ కమాండ్ కొట్టింది. ప్రోగ్రాం చావలేదు. సంగతేమిటో చూద్దామని రిపోర్టుల ఫోల్డర్ తెరవబోతే ఆ విండో కూడా బిగుసుకుంది. ఇంకోటి తెరిచింది. అదీ అంతే. కాసేపటికి స్క్రీన్ నిండా కదలని విండోలు, వాటి ముందు కదలని ఆమె.

"బాగుచేయమంటే గుంపును పోగేశావు తల్లీ" అని తనను తానే మెచ్చుకుంది.

అంతలో మేనేజర్ మేడమ్ ఫోన్.

"డిస్కులబ్బాయిని పిలువు. పోయిన నెల కూడా అతని వల్లే ఆగింది. ఈసారీ అతనిదే తప్పైతే ఇంకో బ్రాంచికి పంపించేస్తా."

హడావుడికి ముందు తన సంగతే గుర్తొచ్చింది. సర్వర్ గదిలో డిస్కులు చూసుకునే అతను వెళ్ళిపోతే తను రోజూ ఏ వంకతో అక్కడికి వెళ్తుంది? సగానికి పైగా ఖాళీగా ఉన్న డిస్కులో చోటు చాలడం లేదని ఇప్పటికే చాలాసార్లు వెళ్ళింది. ప్రతిసారీ అతను ఓపిగ్గా చూసి "బోలెడుందండీ" అనేవాడు. ఆ ఒక్క మాటకే ఆమె మధ్యాహ్నం దాకా గాల్లో తేలేది.

డిస్కులబ్బాయి వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"కిల్ కొట్టారా?"

"కొట్టాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టే స్థితిలో లేనండీ."

అతను నవ్వు ఆపుకున్నాడు. "ప్రోగ్రాం డిస్కు జవాబు కోసం చూస్తోంది. జవాబొచ్చేదాకా ఎవరి మాటా వినదు. ఆ ఫోల్డర్‌ని చూడబోయిన కమాండ్లన్నీ కూడా పోయి దాని వెనకే నిలబడ్డాయి. ముందు మీరు దాన్ని ముట్టుకోవడం మానండి."

హడావుడి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

అతను ఫోల్డర్ జోలికి పోకుండా, అది ఏ మిషన్ డిస్కులో ఉందో మాత్రం చూశాడు. "పాతదండీ. నా టేబుల్ పక్కన హోరెత్తుతూ ఉంటుంది చూశారా, అది. ఇప్పుడు పలకడం లేదు."

దుమ్ము కొట్టుకుపోయిన ఆ డొక్కు పెట్టెతో ఎవరికేం పని అనుకుంది హడావుడి, పొద్దున అతను టీకి వెళ్ళినప్పుడు.

మళ్ళీ ఫోన్. "ఎవరి నిర్వాకం?" మేడమ్ గొంతు గదంతా వినబడింది.

"నా మిషనే మేడమ్" అన్నాడతను నెమ్మదిగా. "నేనే చూసుకోవాల్సింది."

పొరపాటున తన కాలు తగిలి ఆగిందని చెప్పొచ్చు. కానీ ఆ స్విచ్ పెట్టె వెనక, చెయ్యి దూర్చితే తప్ప అందని చోట ఉంది. అంత తెలివైన కాలు తనకు లేదు. హడావుడి ఫోన్ లాక్కుంది.

"నేనే ఆపానండీ."

"నువ్వా? ఎందుకు?"

"ఆ హోరులో ఈయన మాటలు వినబడట్లేదని."

"అతను రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడడు కదమ్మా."

"అందుకేనండీ. ఆ నాలుగూ పోతున్నాయి."

డిస్కులబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"ముందు దాన్ని ఆన్ చేయించు. ఇంకోసారి ఆపావో, ఇంకో బ్రాంచికి పోయేది నువ్వే. మాటలుంటే ఇద్దరూ బయటికి పోయి మాట్లాడుకోండి" అని మేడమ్ ఫోన్ పెట్టేసింది.

అతను వెళ్ళి మిషన్ ఆన్ చేశాడు. విండోలు ఒక్కొక్కటే కదిలాయి. పొద్దుటినుంచి కొట్టిన కిల్ అప్పుడు చెవికెక్కి, ప్రోగ్రాం ప్రాణం విడిచింది. మళ్ళీ మొదలుపెడితే బుద్ధిగా రిపోర్టులు అచ్చువేసింది.

సాయంత్రం అతను ఆమె టేబుల్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. చేతిలో గొడుగు.

"మేడమ్ చెప్పారు కదండీ."

"ఏమని?"

"బయటికి పోయి మాట్లాడుకోమని."

వానలో ఒకే గొడుగు కింద నడుస్తుంటే హడావుడికి నోట్లోంచి ఒక్క మాటా రాలేదు. దారి పొడవునా మాట్లాడింది డిస్కులబ్బాయే.