కుడివైపు రెయిలింగ్

ఆదివారం పొద్దున్నే ఇల్లంతా సిమెంటు దుమ్ము. కొడుకు డ్రిల్లింగ్ మిషన్‌తో మెట్ల గోడకు చిల్లులు పెడుతున్నాడు. చిన్న మేకు కొట్టాలన్నా నాలుగుసార్లు కొలిచే మనిషి కాబట్టి ఇంట్లో అతనికి టేపు మాస్టారని పేరు. తల్లిని కింది మెట్టు మీద నిలబెట్టి, చెయ్యి చాపమని, ఆ ఎత్తులో పెన్సిలుతో గీత గీశాడు. పక్షవాతం వచ్చాక ఆమెకు ఎడమచెయ్యి పనిచెయ్యదు. అందుకే ఎక్కేటప్పుడు కుడిచేతికి అందే గోడకు రెయిలింగ్ బిగించాడు.

పై గదిలో తండ్రి మంచాన పడి ఉన్నాడు. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పేశాడు. ఇద్దరూ ఒకేచోట ఉంటే చాకిరీ కష్టమని తల్లి మంచం కింద వేశారు. అవి మనిషిని మోసుకెళ్ళలేని ఇరుకు మెట్లు. ఒకే కప్పు కింద ఉంటూ, చలికాలం మొదలైనప్పటి నుంచి ఆ భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఎవరూ కావాలని చేసింది కాదు గానీ, జరిగింది మాత్రం అదే.

"నాన్నను చూసి వచ్చెయ్యమ్మా," అన్నాడు కొడుకు.

ఆమె కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. చీకటి పడినా దిగలేదు.

"అత్తయ్యా, భోజనానికి రండి," అని కోడలు కిందనుంచి పిలిచింది.

"ఆకలిగా లేదమ్మా."

కొడుకు విసుక్కుంటూ పైకి వెళ్ళాడు. "ఏంటమ్మా ఇది? చూసొస్తానని వచ్చి మకాం పెట్టేశావు. ఒక్కరికి చేసేసరికే మా ప్రాణం తోకకొస్తోంది. పద, కిందికి."

ఆమె ఎదురు చెప్పకుండా లేచి పై మెట్టు దగ్గర నిలబడింది. కుడిచేత్తో ఇటువైపు గోడను తడిమింది. అక్కడ పట్టుకోవడానికేమీ లేదు. రెయిలింగ్ అటువైపు, వేలాడే ఎడమచేతి పక్కన ఉంది.

టేపు మాస్టారు ఒకసారి కమ్మీని, ఒకసారి తల్లి ఎడమచేతిని చూశాడు.

"ఎక్కడమే ఆలోచించానమ్మా. దిగడం బుర్రకు తట్టలేదు. రేపే ఇటూ పెట్టేస్తా."

"నువ్వు గీత గీసేటప్పుడే చూశాన్రా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే రెండువైపులా పెడతావు. సాయంత్రానికి నన్ను దించేస్తారు." ఆమె గది వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ కింద పడుకుని ఆయన దగ్గు వింటున్నాను. దగ్గు ఆగితే, ఎవరైనా మంచినీళ్ళిచ్చారో, ఇంకేమన్నా అయిందో తెలిసేది కాదు. తెల్లవార్లూ అలాగే చెవులొగ్గి ఉండేదాన్ని."

కొడుకు మెట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తప్పు గోడ దగ్గర జరగలేదని, మంచాలు వేరుచేసిన రోజే జరిగిందని అతనికి అప్పటికి అర్థమైంది.

కోడలు అంతా విన్నది. కళ్ళు తుడుచుకుని, అత్తగారి పరుపు చుట్టి పైకి తెచ్చింది.

"ఎటు వెయ్యను అత్తయ్యా?"

"ఆయనకు ఎడమపక్కన వెయ్యమ్మా. నా కుడిచెయ్యి ఆయనకు అందాలి."