వసారాకి నిలబెట్టిన దుంగ

ఆ జనవరిలో, జర్మనీలోని మా ఊళ్ళో జరగడానికి ఏమీ లేదు. వోల్ఫ్స్‌బర్గ్‌కి అరగంట దూరంలో, పొలాల మధ్య ఇల్లు. లాక్‌డౌన్. ఆఫీసంతా నా వంటింటి బల్ల మీదే. నాలుగు దాటితే చీకటి. విడాకులయ్యాక కొనుక్కున్న ఇల్లు ఇది. "ఒక్కదానివే ఎలా ఉంటావు ఊర్మిళా?" అని అడగని తెలుగువాళ్ళు లేరు. ఆ మనిషితో అన్నేళ్ళు ఎలా ఉన్నానో మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇంటిముందు వసారా కప్పుని మోసే రెండు స్తంభాల్లో ఒకటి అడుగున పుచ్చిపోయింది. దాన్ని తీసేసి, కప్పుకి ఇనప జాకీ ఆసరా పెట్టాను. కొత్తది కొందామంటే హార్డ్‌వేర్ దుకాణాలన్నీ మూత. పక్కింటి ఫ్రౌ క్రూగర్ తన కొట్టంలో పడి ఉన్న ఓక్ దుంగ ఇస్తానంది. ఎనభై దాటిన మనిషి. కంచె అవతల మాస్కుతో నిలబడి చెప్పింది.

"మా మామగారి గుమ్మం ముందు స్తంభం అది. ఆయన పోయాక ఇల్లు పడగొట్టించి, దీన్ని పడుకోబెట్టాను. మళ్ళీ నిలబెట్టలేదు."

"ఎందుకని?"

"అది పడుకుని ఉంటేనే నాకు నిద్ర పట్టేది," అంది. మళ్ళీ తనే, "అడ్డంగా దేనికైనా వాడుకోరాదూ?" అంది.

నవ్వేశాను. మామగారి గురించి ఏ దేశం కోడలైనా ఒకేలా మాట్లాడుతుంది అనుకున్నాను.

సాయానికి ప్రగతి ఉంది. నా స్నేహితురాలి చెల్లెలు, హనుమకొండ పిల్ల. కైసర్స్‌లౌటర్న్‌లో మాస్టర్స్. హాస్టల్ ఖాళీ అయిపోతే ఉండలేక క్రిస్మస్‌కి నా దగ్గరికి వచ్చేసింది. దుంగ పని పెట్టుకున్న మర్నాడు మధ్యాహ్నమే ఆ యూనివర్సిటీ ఊళ్ళో దాని వీసా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. నెలల తరబడి అడిగితే దొరికింది. అది తప్పితే దేశం వదిలి ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర వాళ్ళ నాన్న పెళ్ళికొడుకుతో సహా అన్నీ సిద్ధం చేసి కూర్చున్నాడు.

స్తంభం అడుగు కూర్చోడానికి నేలలో బిగించిన ఇనప బూటు నలుచదరం. గుండ్రటి దుంగ అందులో కూర్చోదు. నాలుగు వైపులా కోసి చదరం చెయ్యాలి. మన వడ్రంగులు జాజులో ముంచిన దారం సాగదీసి కొడితే గీత పడుతుందే, అలా గీతలు కొట్టాలి. జాజు ఎక్కడ దొరుకుతుంది? నూలు దారాన్ని పసుపు నీళ్ళలో ముంచాను.

దుంగ లావు కొలవడానికి ప్రగతి ఆ దారమే దాని చుట్టూ తిప్పింది.

"అక్కా, షేర్వానీకి కొలతలు తీస్తున్నట్టుంది," అంటూ ముడి వేసింది. ఇంకొకటి వేసింది. మూడోది కూడా వేసి, "అయిపాయె! మా నాన్నకి ఫొటో పెడ్త. పిలగాడు తాగడు, ఒర్లడు, మంచి బరువున్నోడు."

"తాళి వాడు కట్టాలి కదే?"

"గాయన పండుకున్నడు గదా. లేసినంక కడ్తడు తియ్."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వు పొలాల్లోకి వెళ్ళి తిరిగి రాలేదు.

గీతలు కొట్టడానికి ఇంకో దారం తీసుకున్నాను. ముడులేసిన దాన్ని తెంపబోతే ప్రగతి నా చెయ్యి పట్టుకుంది. "తెంపకు." గొంతులో నవ్వు లేదు. దారాన్ని మెల్లగా దుంగ చివరిదాకా జరిపి, తీసి, జేబులో పెట్టుకుంది.

కరెంటు రంపంతో గీత లోతు దాకా అడ్డంగా గాట్లు పెట్టడం, గొడ్డలితో పెళ్ళలు లేపడం. ఒక వైపు. రెండో వైపు. ఓక్ పుల్లటి వాసన. మూడో వైపు. నాలుగో వైపు చెక్క లేస్తుంటే వాసన మారింది... గడ్డం సబ్బు, పాత చుట్ట, ఎన్నాళ్ళో బీరువాలో మూసిపెట్టిన కోటు.

నేను గొడ్డలి ఆపాను.

దుంగ లోపలి నుంచి ఇంకొక దెబ్బ వినిపించింది.

చెక్క బిగువు సడలితే అలా చప్పుడవుతుందని చదివాను. అదే పైకి అన్నాను. చీకటి పడకముందే స్తంభం నిలబెట్టి, బోల్టులు బిగించి, జాకీ తీసేశాం. కప్పు ఒకసారి నిట్టూర్చి దాని మీద కూర్చుంది.

తరవాత ప్రగతి చెత్త సంచీ పట్టుకుని బయటికి వెళ్ళింది. స్తంభం దాకా వెళ్ళి, ఆగి, తల వంచుకుని వెనక్కి వచ్చేసింది.

"ఏమైందే?"

"వద్దంటున్నరు."

"ఎవరు?"

సంచీ గుమ్మం పక్కన పెట్టి, తలుపు మూసింది.

రాత్రి కంచంలో అన్నం పెట్టుకుని కూర్చుంది. మెతుకు ముట్టలేదు.

"తిను. తెల్లారకముందే బండెక్కాలి."

"ఆయన తిననియ్. ఎనక తింట."

ఆ చల్లారే అన్నం నాకు తెలుసు. ఆ ఎదురుచూపు తెలుసు. కానీ నాకు అది నేర్పడానికి మా వాళ్ళకి ఇరవై ఏళ్ళు పట్టింది. దీనికి ఒక్క సాయంత్రం.

"రేపు టెర్మిన్ ఉంది ప్రగతీ!"

"అడిగి చెప్త," అంది గుసగుసగా. కిటికీ వైపు చూసింది.

రంపం తీసుకుని వసారాలోకి పరుగెత్తాను. స్తంభం మీద చెయ్యి వేశాను. బయట మంచు... అది వెచ్చగా ఉంది. నా అరచేతి కింద మెల్లగా పొంగింది. తగ్గింది. మళ్ళీ పొంగింది. కోద్దామంటే కప్పంతా దాని మీదే ఉంది. నా తల మీద పడుతుంది. కొన్ని కాపురాలూ ఇంతే కదా.

రంపం అక్కడే వదిలేసి లోపలికి వచ్చాను.

తెల్లవారుజామున ప్రగతిని వంటింటి వెనక తలుపులోంచి లాక్కొచ్చి కారులో పడేశాను. ఊరు దాటాక ఊపిరి పీల్చుకుంది. "ఏమైందక్కా నాకు?" అని ఏడ్చింది. స్టేషన్లో బ్రెడ్ కొనిస్తే ఆవురావురుమని తింది. రైలు కదిలేటప్పుడు, ఒక చెయ్యి జేబులోనే ఉంచుకుని, మామూలు ప్రగతిలా కన్ను కొట్టింది. కారులో కూర్చుని నేనూ ఏడ్చాను. నేను బయటపడిన రోజున కూడా అంత ఏడవలేదు.

ఇంటికొచ్చి, జాకీ ఎక్కించి, స్తంభాన్ని గొడ్డలి మడమతో కొట్టాను.

డొల్లగా మోగింది.

నిన్న గొడ్డలి దిగడానికి మొరాయించిన ఓక్. చెయ్యి వేశాను. మంచులా చల్లగా ఉంది. లోపల ఏమీ లేదు.

మధ్యాహ్నం ప్రగతి ఫోన్ చేసింది. వెనక జనం, తలుపుల చప్పుడు.

"అక్కా! రెండేండ్లు పొడిగించిన్రు!"

"అమ్మయ్య! ఒక్కదానివే భయపడకుండా మాట్లాడావా?"

"ఒక్కదాన్నే పోయిన. కరోనా గదా, ఒక్కరే లోపలికి రావాలంట. గా మేడం, మీ వారిని బయట నిలవడుమను అన్నది."

ప్రగతి గొంతు తగ్గించింది.

"గుమ్మం కాడ గార్డు ఆయనకి సుత ఒక మాస్కు ఇచ్చిండక్కా. యాడ తగిలియ్యాల్నో సమజ్ గాక... చేతిలనే పట్టుకున్న."